పెంచలయ్యలు వేలమంది: ఆన్‌లైన్‌లో మీ పేరు మీకే ఉండాలంటే ఏం చేయాలి?

కావలిలో నేను నెట్ సెంటర్ నడుపుతున్నాను. కాలేజీ సీటుకో ఉద్యోగానికో దరఖాస్తు చేసుకోవడానికి వచ్చేవాళ్ళలో చాలామందికి మొదటి ఈమెయిల్ తెరిచి ఇచ్చేది మాలాంటివాళ్ళమే. పేరు ఏం పెట్టమంటారని అడిగితే, "ఏదో ఒకటి పెట్టండన్నా, బస్సుకు టైమవుతోంది" అంటారు. ఆ ఏదో ఒకటే తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌కు ఎక్కుతుంది, టెలిగ్రామ్‌కు ఎక్కుతుంది, యూట్యూబ్ చానల్‌కు ఎక్కుతుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు చూసేదీ, సంబంధం కలుపుకోబోయేవాళ్ళు వెతికేదీ, మోసగాడు నకలు తీసేదీ దానినే. అర నిమిషంలో పెట్టిన పేరును ఎన్నో ఏళ్ళ తర్వాత మార్చుకోవడానికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నవాళ్ళ అవస్థ చూశాక, ఈ పని ఎలా చేయాలో వివరంగా రాయాలనిపించింది. ఒక సాయంత్రం రెండు గంటల తీరిక, ఒక నోటుపుస్తకం, మీ ఫోను ఉంటే చాలు.

ముందుగా ఏది పేరో, ఏది యూజర్‌నేమో తెలుసుకోండి

ఒకే బ్యాంకు శాఖలో నలుగురు శ్రీనివాసులు ఖాతాదారులు ఉండవచ్చు. పాసుపుస్తకం మీద పేరు నలుగురికీ ఒకటే, ఖాతా నంబరు మాత్రం ఎవరిది వారిదే. సోషల్ మీడియాలోనూ అంతే. ప్రొఫైల్ పైన పెద్ద అక్షరాల్లో కనిపించే పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు. మీ పేరు, మీ ఫొటో తీసుకుని ఇంకొకరు అచ్చం మీలాగే కనిపించవచ్చు. ఎట్ గుర్తు (@) తర్వాత వచ్చే యూజర్‌నేమ్ మాత్రం ఆ సైటులో ఒక్కరికే దక్కుతుంది. మీ ప్రొఫైల్ లింకులో ఉండేది కూడా అదే. ఇక లాగిన్ కోసం ఇచ్చే ఫోను నంబరు, ఈమెయిల్ ఆ ఇంటి తాళంచెవి లాంటివి. వాటిని పేరులోకి తీసుకురాకూడదు.

ఈ తేడా తెలియకపోవడం వల్లనే మోసాలు ఎక్కువగా జరుగుతున్నాయి. మన మేనమామ పేరు, ఫొటో కనిపించగానే ఆయనే అనుకుంటాం. కిందనున్న యూజర్‌నేమ్‌ను చదవం.

పాత ఖాతాలను ఏరి రాసుకోండి

మీ ఈమెయిల్ తెరిచి వెతికే చోట ‘వెల్‌కమ్’ అని, తర్వాత ‘వెరిఫై’ అని ఇంగ్లిషులో కొట్టండి. ఎన్నడో తెరిచి మరిచిపోయిన ఖాతాల ఉత్తరాలు బయటపడతాయి. తర్వాత గూగుల్‌లో మీ పేరునూ, మీ పాత యూజర్‌నేమ్‌లనూ, మీ ఫోను నంబరునూ ఒక్కొక్కటిగా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. ఫోను నంబరు తప్పకుండా వెతకండి. ఎప్పుడో పాత బండి అమ్మకానికి పెట్టిన ప్రకటనలో అది ఇంకా ఉండవచ్చు.

దొరికిన ప్రతిదాన్నీ పుస్తకంలో రాయండి: ఏ సైటు, ఏ యూజర్‌నేమ్, ఏ ఈమెయిల్‌తో తెరిచారు, ఇంకా కావాలా వద్దా. పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయకండి. అక్కరలేని ఖాతాలను ఇప్పుడే మూసేయవద్దు. కొన్నింటి పేరు మళ్ళీ మీకే కావలసి రావచ్చు. ఈ మెట్టుకు ఇంతే.

పేరును కూర్చోండి

ఇక్కడ మాత్రం తొందరపడకండి.

మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల పేర్లు మన దేవుళ్ళ పేర్లు. పెంచలకోన నరసింహస్వామి వల్ల పెంచలయ్యలు, పెంచలమ్మలు. శనివారం మాత్రమే తలుపులు తెరిచే మాలకొండ స్వామి వల్ల మాలకొండయ్యలు, మాల్యాద్రులు. నర్రవాడ వెంగమాంబ వల్ల వెంగమ్మలు, వెంగయ్యలు. మార్కాపురం స్వామి వల్ల చెన్నకేశవులు. ఈ పేర్లంటే నాకు ప్రాణం. కాని సైటులో ఒట్టి ‘పెంచలయ్య’ అని కొడితే ఆ పేరు ఎప్పుడో ఇంకొకరికి వెళ్ళిపోయి ఉంటుంది. ‘అది లేదు, ఇది తీసుకోండి’ అంటూ సైటు చివర నాలుగు అంకెలు తగిలించి చూపిస్తుంది. చాలామంది సరేనని నొక్కేస్తారు. మీరు అలా నొక్కకండి. ఆ అంకెలకూ మీకూ సంబంధం లేదు. ఇంకొక సైటులో ఇంకో నాలుగు అంకెలు వస్తాయి. నెల తిరిగేసరికి మీ పేరు మీకే గుర్తుండదు.

ఒకే పేరు గలవారిని వేరు చేసుకోవడం నెల్లూరుకు కొత్త కాదు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో తిక్కనలు ఇద్దరు. కవిని తిక్కన సోమయాజి అన్నారు, ఆయన దాయాది అయిన వీరుణ్ణి ఖడ్గతిక్కన అన్నారు. చేర్చింది ఒక్క మాటే, అదీ ఆ మనిషి ఏమిటో చెప్పే మాట. మీ పేరుకు చేర్చేది కూడా అలాంటిదే కావాలి: ఇంటిపేరు, ఊరు, చేసే పని. ఈ మూడింటిలో మీతో ఎక్కువ కాలం ఉండేది ఏదో మీరే ఆలోచించాలి.

ఊరు చేర్చవచ్చు, జిల్లా మాత్రం వద్దు. చీరాలనే తీసుకోండి. 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 1972లో ఆ జిల్లా ప్రకాశం అయింది. 2022లో చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. చీరాల మనిషి ఇల్లు కదలకుండానే నాలుగు జిల్లా పేర్లు చూశాడు. ఊరి పేరు మాత్రం అలాగే ఉంది. చదివే కాలేజీ పేరు, పనిచేసే కంపెనీ పేరు, ఇష్టమైన హీరో పేరు కూడా జిల్లా పేరులాగే మారిపోయేవి, చేర్చవద్దు. అభిమానం గొప్పదే, దానికి వేరే ఖాతా పెట్టుకోండి. రేపు పాఠాలు చెప్పే చోటుకో, పాపకు స్కూల్లో సీటు అడిగే చోటుకో వెళ్ళే పేరులో అది ఉండనక్కరలేదు.

ఆడపిల్లలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుందేమో, మార్చుకోవాలో వద్దో అన్న సందిగ్ధం మీకు ఉంటుంది. యూజర్‌నేమ్‌ను ఆ సందిగ్ధంలో పెట్టకండి. మీ సొంత పేరు, దానికి మీ చదువో పనో చేర్చండి. మా సెంటర్‌కు వచ్చే ఒక టైలరింగ్ టీచరు పుట్టింటి ఇంటిపేరుతో చానల్ నడిపి, పెళ్ళి తర్వాత అత్తింటి పేరుకు మార్చారు. ఆమె పాఠాల కోసం వెతికే పాత విద్యార్థినులకు ఆమె దొరకలేదు. ఆమె అనుకున్నది గౌరవం కోసం, పోయింది పదేళ్ళ గుర్తింపు.

పుట్టిన సంవత్సరాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ చేర్చకండి. దీని గురించి రోజుకు ఒకరికైనా చెబుతూ ఉంటాను. ఇంటర్నెట్ నుంచి తీసుకునే ఈ-ఆధార్ కాగితం తెరవడానికి పాస్‌వర్డ్ ఏమిటో తెలుసు కదా? మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్దక్షరాలు, వాటి పక్కన పుట్టిన సంవత్సరం. పేరు, పుట్టిన సంవత్సరం కలిపి యూజర్‌నేమ్ పెట్టుకున్నవారు ఆ పాస్‌వర్డ్‌ను గోడ మీద రాసుకున్నట్టే. ఎక్కడో వాట్సాప్‌లో పంపిన ఆధార్ ఫైలు ఎవరి చేతికైనా చిక్కితే తెరవడానికి ఇంకేమీ అక్కరలేదు. ఫోను నంబరు చివరి అంకెలు, బండి నంబరు కూడా వద్దు.

కులం తెలిపే మాట చేర్చడం మీ ఇష్టం. నా అభిప్రాయం అడిగితే, వ్యాపారం చేసేవారూ పాఠాలు చెప్పేవారూ దాన్ని వదిలేయడమే మేలు. మీ దగ్గరికి వచ్చేవారు మీ పని కోసం వస్తారు.

ఇక అక్షరాలు. ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ (పాత ట్విట్టర్), టెలిగ్రామ్‌లలో యూజర్‌నేమ్ ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలి. తెలుగు లిపిని ప్రొఫైల్ పైన కనిపించే పేరుకు వాడుకోండి, చూడటానికి ఎంతో నిండుగా ఉంటుంది. ఇంగ్లిషులో మన పేర్లతో వచ్చే చిక్కు స్పెల్లింగు. ‘శ్రీ’ని ఎస్ ఆర్ ఐ అని రాసేవారున్నారు, ఎస్ ఆర్ ఇ ఇ అని రాసేవారున్నారు, మధ్యలో హెచ్ పెట్టేవారూ ఉన్నారు. పెంచలయ్య చివర ఐ ఏ హెచ్ అని ఒకరు, ఏ వై వై ఏ అని ఇంకొకరు. మీ పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న స్పెల్లింగే ఇక్కడా వాడండి. ఎప్పుడైనా ‘ఈ ఖాతా నాది’ అని సైటుకు రుజువు చూపవలసి వస్తే ఆ కాగితమే అక్కరకు వస్తుంది.

ఒక్కో సైటుకు ఒక్కో కొలత ఉంది. ఎక్స్‌లో 15 అక్షరాలకు మించకూడదు. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ 30 దాకా ఇస్తాయి. టెలిగ్రామ్‌లో కనీసం 5 ఉండాలి, మొదటిది అంకె కాకూడదు. జీమెయిల్‌లో కనీసం 6 కావాలి, కింది గీత (అండర్‌స్కోర్) పనికిరాదు. ఎక్స్, టెలిగ్రామ్‌లలో చుక్క పనికిరాదు. జీమెయిల్ చుక్కను లెక్కలోకే తీసుకోదు. అన్నిటికీ సరిపోయే సూత్రం ఒకటుంది: 6 నుంచి 15 లోపు అక్షరాలు, అక్షరంతో మొదలు, మధ్యలో చుక్కా గీతా లేకుండా. ‘కావలిపెంచలయ్య’ అని ఇంగ్లిషులో రాస్తే 17 అవుతుంది, ఎక్స్‌లో పట్టదు. ‘పెంచలకావలి’ 14 అవుతుంది, అన్నిచోట్లా పడుతుంది. ఇలా కాగితం మీద నాలుగైదు రాసి అక్షరాలు లెక్కపెట్టండి.

తర్వాత ఒంగోలులోనో నెల్లూరులోనో ఉన్న మీ బంధువుకు ఫోను చేసి ఆ పేరు ఒక్కసారి మాత్రమే చెప్పి, వెతకమనండి. సున్నాకూ ‘ఓ’కూ, ఒకటికీ ‘ఎల్’కూ మధ్య ఆయన తికమకపడితే ఆ పేరు పక్కన పెట్టండి. మొదటిసారే దొరికితే అదే మీ పేరు.

అంగడి పెట్టుకున్నవారికి ఇంకొక జాగ్రత్త. ఉదయగిరి చెక్క గరిటెలు చేసి అమ్మే కుటుంబం ఊరి పేరు, వస్తువు పేరు కలిపి పేరు పెట్టుకోవడం సహజమే. కాని ఆ రెండూ ఊరందరివీ. పక్కవీధివారు అదే పేరుకు ఒక గీత చేర్చి ఇంకో పేజీ తెరవవచ్చు, అది తప్పు కూడా కాదు. నష్టమల్లా హైదరాబాదు నుంచి డబ్బు పంపే కొనుగోలుదారుకు ఏది ఎవరిదో తెలియకపోవడం. మీ ఇంటి మనిషి పేరునో ఇంటిపేరునో అందులో కలపండి.

ఒకే రోజు అన్నిచోట్లా తీసుకోండి

పేరు కుదిరాక రేపు చూద్దామని ఆగవద్దు. మొదట జీమెయిల్, ఆ వెంటనే ఆ జీమెయిల్‌తోనే ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్, ఎక్స్, టెలిగ్రామ్. వాడనివి కూడా తీసుకోండి. ఖాళీగా ఉన్నా పేరు మీ దగ్గర ఉంటుంది. అన్నిచోట్లా ఒకే ఫొటో, ఒకే రెండు వాక్యాల పరిచయం పెట్టండి. ప్రతి ఖాతాకూ పాస్‌వర్డ్ వేరు, రెండంచెల భద్రత (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) అన్నిటికీ తప్పనిసరి. పేరు అన్నిచోట్లా ఒకటే కాబట్టి ఒక పాస్‌వర్డ్ బయటపడితే దొంగ మిగతా చోట్లకు నేరుగా వెళ్తాడు. ఒకే పేరు పెట్టుకునేవారు ఈ బాధ్యత కూడా తీసుకోవాలి. రెండేళ్ళు ముట్టుకోని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు కనుక, సంవత్సరానికి ఒకటి రెండుసార్లయినా లాగిన్ అవ్వండి.

తర్వాత ఒక ఖాతా పరిచయంలో మిగతా ఖాతాల లింకులు ఇవ్వండి, వాటిలో దీని లింకు ఇవ్వండి. ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకోవడమే అసలైన గుర్తింపు. నీలి టిక్కును నమ్ముకుని దీన్ని వదిలేయకండి. 2023 నుంచి అది నెలనెలా రుసుము కట్టి తెచ్చుకోగలిగేది అయింది. అంగడి బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద కూడా యూజర్‌నేమ్ అచ్చు వేయించండి.

అందరికీ తెలియకూడని పేరు కావాలంటే

ఇప్పటిదాకా చెప్పింది దొరకాలనుకునే పేరు గురించి. ప్రతి మాటా ఆ పేరుతోనే చెప్పలేం. ఇంట్లో చెప్పుకోలేని జబ్బు గురించి సలహా అడగాలి, కవితలు రాయాలి, ఊళ్ళోని చెరువు ఆక్రమణ గురించి నిలదీయాలి. అలాంటప్పుడు మారుపేరు పెట్టుకోవడం తప్పూ కాదు, నేరమూ కాదు. సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన కిళాంబి వెంకట నరసింహాచార్యులు గోత్రనామం తీసుకుని ఆత్రేయ అయ్యారు. ఇంకొకరి పేరుతో నటించడం నేరం, కొత్త పేరు కల్పించుకోవడం కాదు.

కాని దాన్ని పూర్తిగా వేరుగా ఉంచాలి. సగం వేరుగా ఉంచితే లేనట్టే. కొత్త ఈమెయిల్ తెరవండి. యూజర్‌నేమ్‌లో మీ ఊరు, ముద్దుపేరు, పిల్లల పేరు ఏదీ ఉండకూడదు. ఎక్కడా వాడని ఫొటో పెట్టండి. అసలు ఖాతాలోని ఫొటో పెడితే ఫొటోతో వెతికేవారికి క్షణంలో దొరుకుతారు. ఫోనులోని కాంటాక్టులను చూసే అనుమతి ఆ యాప్‌కు ఇవ్వకండి. ఇచ్చారంటే ‘మీకు తెలిసినవారు కావచ్చు’ అని మీ మారుపేరును మీ బాబాయికి అదే చూపిస్తుంది. టెలిగ్రామ్ సెట్టింగుల్లో ఫోను నంబరు ఎవరికీ కనిపించకుండా పెట్టి, నంబరుతో వెతికినా అందరికీ దొరకకుండా చేయండి. ఎక్స్‌లో ఈమెయిల్, ఫోను నంబరుతో వెతికితే దొరికే అవకాశాన్ని ఆపేయండి. మొదటి రోజే మీ స్నేహితులందరినీ అనుసరించకండి. ఆ జాబితా చూస్తే చాలు, మీరెవరో తెలిసిపోతుంది.

ఫేస్‌బుక్ వ్యక్తిగత ప్రొఫైల్‌లో నిత్యం వాడే పేరే ఉండాలని దాని నియమం. అక్కడ మారుపేరు కావాలంటే పేజీ తెరవండి.

మార్చక తప్పకపోతే

పాత పేరుతో పాత లింకులు పనిచేయవని ముందే తెలుసుకోండి. బిల్లు మీద అచ్చయిన పేరు, ఇతరులు మిమ్మల్ని ప్రస్తావించిన చోట్లు అన్నీ పాతవే. ఇంకా పెద్ద ప్రమాదం, మీరు వదిలిన పేరును ఇంకొకరు తీసుకోగలగడం. ఇన్‌స్టాగ్రామ్‌లో చాలా సందర్భాల్లో 14 రోజుల్లోపు పాత పేరుకు తిరిగి రావచ్చు, ఆ తర్వాత హామీ లేదు. ఫేస్‌బుక్‌లో కనిపించే పేరును ఒకసారి మారిస్తే 60 రోజుల దాకా మళ్ళీ మార్చలేరు. అందుకే మార్చడానికి వారం ముందు, మార్చిన తర్వాత ఒక నెల, ‘పాత పేరు ఇది, కొత్త పేరు ఇది’ అని పరిచయంలో రాసి ఉంచండి. పాత పేరు ఖాళీగా దొరికితే మీరే ఒక ఖాతా తెరిచి దాన్ని పట్టి ఉంచి, అందులో కొత్త ఖాతా లింకు పెట్టండి.

మీ పేరుతో ఇంకొకరు దిగితే

జరిగే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. మీ ఫేస్‌బుక్ ఫొటో, పేరు తీసుకుని ఒకడు కొత్త ప్రొఫైల్ తెరుస్తాడు. మీ స్నేహితుల జాబితా చూసి వరుసగా రిక్వెస్టులు పంపుతాడు. ఆ రాత్రే ‘ఆసుపత్రిలో ఉన్నాను, అర్జెంటుగా పదివేలు పంపండి’ అని అడుగుతాడు. మా సెంటర్‌కు వచ్చిన ఒక రిటైర్డు మాస్టారి విషయంలో ఇదే జరిగింది. డబ్బు పంపింది ఆయన పాత విద్యార్థి. "నేను అడిగానని నమ్మి పంపాడు నాయనా, వాడికి నేనేం చెప్పను" అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మాస్టారి తప్పేమీ లేదు. స్నేహితుల జాబితా అందరికీ తెరిచి ఉండటమే ఆ దొంగకు దారి చూపింది. మీరు ఈ పూటే ఫేస్‌బుక్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ జాబితా మీకు మాత్రమే కనిపించేలా మార్చండి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో కూడా మార్చండి.

నకిలీ ఖాతా కనిపించగానే దాన్ని తిట్టకండి, మెసేజి పెట్టకండి. మిమ్మల్ని బ్లాక్ చేసేస్తే మీకది మళ్ళీ కనిపించదు. ముందు దాని ప్రొఫైల్ లింకు కాపీ చేసుకోండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఎందుకంటే అందులో కనిపించే పేరు మీదే. వాడిదంటూ ఉండేది ఆ లింకులోని యూజర్‌నేమ్. తర్వాత ప్రొఫైల్ మీది మూడు చుక్కలు నొక్కి, రిపోర్ట్‌లో ‘నాలాగా నటిస్తున్నారు’ అన్న అర్థం వచ్చేదాన్ని ఎంచుకోండి. మీకు బ్లాక్ అయితే స్నేహితుని ఫోను నుంచి చేయించండి. అదే సమయంలో మీ అసలు ఖాతాలో, వాట్సాప్ స్టేటస్‌లో ఆ లింకు ఇవ్వకుండా, ‘డబ్బు నేను అడగలేదు, నా అసలు యూజర్‌నేమ్ ఇది’ అని రాయండి.

ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే పంపినవారు వెంటనే 1930కి ఫోను చేయాలి. నిమిషాలు గడిచేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాసి, లింకు, స్క్రీన్‌షాట్, లావాదేవీ నంబరు జతచేయాలి. దగ్గరి పోలీసు స్టేషన్‌లో కూడా ఇవ్వవచ్చు. కంప్యూటరో ఫోనో వాడి ఇంకొకరిలా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షను కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మీ పాస్‌వర్డ్ లాంటి గుర్తింపును దొంగిలించి వాడితే 66సి. మీలా నటించే ఖాతా గురించి మీరే ఫిర్యాదు చేస్తే సైటు గంటల్లోనే చర్య తీసుకోవాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదులో ఆ మాట రాయండి. సైటు ఫిర్యాదుల అధికారి జవాబు సరిగా లేకపోతే, 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు.

చివరగా ఒక పేజీ

నోటుపుస్తకంలో ఒక పేజీ మీ తర్వాత చూసేవారి కోసం రాయండి. ఫేస్‌బుక్‌లో వారసత్వ కాంటాక్టుగా ఇంట్లో ఒకరిని పెట్టవచ్చు, వారు మీ ఖాతాను స్మారకంగా నిలిపి చూసుకుంటారు. గూగుల్‌లో ఎన్ని నెలలు మీ అలికిడి లేకపోతే ఎవరికి కబురు వెళ్ళాలో ముందే చెప్పిపెట్టవచ్చు. ఈ రెండూ పదిహేను నిమిషాల పని. ఏ ఖాతా ఉంచాలి, ఏది మూయాలి, మారుపేరు ఖాతా సంగతి ఎవరికి చెప్పాలి లేదా ఎవరికీ చెప్పకూడదా అన్నది మీ చేతిరాతతో రాసి, పొలం కాగితాలున్న బీరువాలో ఆ పుస్తకాన్ని పెట్టండి. అది ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పండి.